కరెంటు తిరిగొస్తే మోటారు తనంతట తానే తిరగాలా?

(భీమవరంలో ఎలక్ట్రీషియన్లు, ప్యానెల్ బోర్డులు తయారుచేసేవారు, ఆక్వా రైతులు, డిప్లొమా విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో సగం మంది రోజూ స్టార్టర్ మూత విప్పేవాళ్లే. అందుకని రిలే అంటే ఏమిటో ఓనమాల నుంచి చెప్పి మీకు నిద్ర తెప్పించను. ఒకే ఒక్క ప్రశ్న పట్టుకొచ్చాను. మోటారు తిరుగుతోంది. కరెంటు పోయింది. ఐదు నిమిషాలకు మళ్లీ వచ్చింది. అప్పుడు మోటారు తనంతట తానే తిరగాలా, ఎవరో వచ్చి పచ్చ బటన్ నొక్కేదాకా ఆగాలా?

ఇటువైపు తణుకు నుంచి వచ్చిన రైస్ మిల్లు ఎలక్ట్రీషియన్లు "ఆగాలండి" అంటున్నారు. అటువైపు ఆకివీడు, ఉండి ఊళ్ల చెరువుల వాళ్లు అడ్డంగా తలూపుతున్నారు. ఇద్దరూ చెప్పేది సరైనదే. ఇద్దరి ప్యానెల్‌లోనూ ఉన్నది మాత్రం ఒకే రకం రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్. కరెంటు ఉన్నంతసేపు పట్టుకుని, పోగానే వదిలేసే రకం. దీన్నే నాన్-లాచింగ్ రిలే అంటారు. మన స్టార్టర్‌లో ఉండే కాంటాక్టర్ కూడా ఈ కుటుంబంలో పెద్దదే.

ఇదిగో, ఈ రిలేకి మూత అద్దంలా ఉంది, లోపల కదిలేది కనపడుతుంది. 24 వోల్టుల డీసీ కాయిల్. దీని పని ఇంతే: కాయిల్‌లో కరెంటు పారితే మధ్యలోని ఇనుప కోర్ అయస్కాంతమై, పైనున్న ఆర్మేచర్ రేకును లాగుతుంది. రేకుతో పాటు కామన్ కాంటాక్ట్ కదిలి ఎన్‌సీని (మామూలుగా మూసి ఉండే కాంటాక్ట్) వదిలి ఎన్‌ఓని (మామూలుగా తెరిచి ఉండేది) అంటుకుంటుంది. వెనక చిన్న స్ప్రింగు ఉంది చూశారా? రేకును ఎప్పుడూ వెనక్కి లాగుతూనే ఉంటుంది. కాయిల్ గెలిచినంతసేపు ఎన్‌ఓ మూసి ఉంటుంది. కాయిల్ నీరసించగానే స్ప్రింగుదే రాజ్యం. ఈ మొత్తం జరగడానికి పది పదిహేను మిల్లీ సెకన్లు చాలు. వదలడానికి ఇంకా తక్కువ.

ఇప్పుడు సప్లై నెమ్మదిగా పెంచుతున్నాను, మీటర్ చూడండి. పది... పన్నెండు... ఏమీ లేదు. పదహారు దగ్గర టక్కుమంది. సరే, ఇప్పుడు తగ్గిస్తున్నాను. పద్నాలుగు, పట్టుకునే ఉంది. పది, ఇంకా ఉంది. ఎనిమిది... ఆరుకు వచ్చాక వదిలింది. పట్టడానికి పదహారు కావాలి, పట్టుకుని ఉండటానికి అందులో సగం కూడా అక్కర్లేదు. ఎందుకంటే రేకు కోర్‌కి అంటుకున్నాక మధ్యలో గాలి సందు లేదు, అదే కరెంటుకు అయస్కాంతం చాలా గట్టిగా లాగుతుంది. తయారీదారులు డేటాషీట్‌లో మామూలుగా రాసేది, డీసీ కాయిల్ అయితే 75 నుంచి 80 శాతం వోల్టేజీకల్లా పట్టి తీరాలి, 10 శాతానికి పడిపోయేలోగా వదిలి తీరాలి అని. మధ్యలో ఉన్నదంతా దాని ఇష్టం. ఆ మధ్య ప్రాంతాన్ని నమ్ముకుని సర్క్యూట్ వేయకండి.

విద్యార్థుల కోసం లాచింగ్ గురించి కూడా రెండు ముక్కలు. అందులో కాయిల్‌కి ఒక్క పల్స్ ఇస్తే చాలు, శాశ్వత అయస్కాంతమో కొక్కెమో పట్టుకుని ఉంటుంది. కరెంటు పోయినా స్థితి మారదు. మళ్లీ వెనక్కి రావాలంటే ఇంకో పల్స్ ఇవ్వాలి. కాలింగ్ బెల్ బటన్‌కీ, గోడమీది లైటు స్విచ్‌కీ ఉన్న తేడానే ఇది. ప్రీపెయిడ్, స్మార్ట్ మీటర్లలో సరఫరాను కట్ చేసేది లాచింగ్ రిలేనే. ఏళ్ల తరబడి ఆన్‌లో ఉండేచోట కాయిల్‌కి కరెంటు ఖర్చు పెట్టడం దండగ కాబట్టి అక్కడ అది సరిపోతుంది. మోటారు నడిపే చోట దాన్ని పెట్టాలంటే నాకు చేతులు రావు. ఎందుకో చెబుతాను.

మిల్లుకి వెళదాం. పచ్చ బటన్ నొక్కుతారు, కాంటాక్టర్ పడుతుంది, అంటే పట్టుకుంటుంది. వేలు తీసేస్తారు, అయినా మోటారు ఆగదు. కాంటాక్టర్‌లోనే 13, 14 అని ఉన్న ఎన్‌ఓ కాంటాక్ట్ పచ్చ బటన్‌కి అడ్డంగా కలిపి ఉంటుంది. కాంటాక్టర్ పడగానే ఆ కాంటాక్ట్ మూసుకుని తన కాయిల్‌కి తానే కరెంటు ఇచ్చుకుంటుంది. మన భాషలో హోల్డింగ్. ఆ దారిలోనే ఎర్ర బటన్ ఎన్‌సీ, మోటారు ఎక్కువ కరెంటు లాగితే తెరుచుకునే ఓవర్‌లోడ్ రిలే 95, 96 ఎన్‌సీ వరసగా ఉంటాయి. వీటిలో ఏది తెరుచుకున్నా కాయిల్ వదిలేస్తుంది. ఎర్ర బటన్ వైరు ఎలుక కొరికేసినా వదిలేస్తుంది. స్టాప్ బటన్‌ని ఎన్‌సీ పెట్టడంలో తెలివంతా అక్కడే ఉంది: వైరు తెగినా యంత్రం ఆగాలి తప్ప ఆగకుండా పోకూడదు. ఈమధ్య ఎర్ర బటన్‌కి ఎన్‌ఓ కాంటాక్ట్ పెట్టి, కంట్రోలర్ ప్రోగ్రాంలో తిప్పేసుకున్న ప్యానెళ్లు కనిపిస్తున్నాయి. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక ఈ హోల్డింగ్‌కి జ్ఞాపకం ఉందా అంటే ఉంది, కానీ కరెంటు ఉన్నంతవరకే. కరెంటు పోయింది, కాయిల్ వదిలింది, 13-14 తెరుచుకుంది. తిరిగొచ్చినా ఆ దారి తెరిచే ఉంది. మోటారు ఆగే ఉంటుంది. ధాన్యం ఎలివేటర్ దగ్గర కరెంటు పోయిందంటే కుర్రాడు ఏం చేస్తాడు? బూట్‌లో, అంటే ఎలివేటర్ అడుగు పెట్టెలో, ఇరుక్కున్న గడ్డి తీయడానికి చెయ్యి పెడతాడు. బెల్టు సర్దుతాడు. ఎందుకంటే మెషిన్ ఆగింది కదా, ఇదే సందు అనుకుంటాడు. ఆ క్షణాన కరెంటు వచ్చి ఎలివేటర్ కదిలితే ఏమవుతుందో నేను వర్ణించనక్కర్లేదు. యంత్రాల విద్యుత్ భద్రతకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60204-1 కూడా ఇదే చెబుతుంది: సరఫరా తిరిగొచ్చినప్పుడు ప్రమాదం ఉండే యంత్రం తనంతట తాను మొదలవకూడదు. లాచింగ్ రిలే పెడితే దానికి ఇవేమీ పట్టవు. ఆగిపోయిన చోటి నుంచి మొదలుపెట్టేస్తుంది.

అయితే నాన్-లాచింగ్ పెట్టాం కాబట్టి ధీమాగా ఉండొచ్చా అంటే, మిల్లులో అదీ కుదరదు. తవుడులో నూనె ఉంటుంది. ఆ దుమ్ము కాంటాక్టర్‌లోకి దూరి, కోర్ ముఖాల మీద జిగురులా పేరుకుంటుంది. ఎర్ర బటన్ నొక్కితే కాయిల్‌కి కరెంటు ఆగుతుంది, కానీ ముఖాలు అతుక్కుని ఒక క్షణం ఆలస్యంగా వదులుతాయి, ఒక్కోసారి అసలు వదలవు. పాత కాంటాక్టర్‌లో కోర్ అరిగి మధ్యలో ఉంచిన సన్న సందు మూసుకుపోయినా ఇదే జరుగుతుంది, మిగిలిన కొద్దిపాటి అయస్కాంతత్వమే పట్టుకుని ఉంటుంది. స్టాప్ నొక్కాక మోటారు "కాస్త ఆలోచించి" ఆగుతోందని ఎవరైనా నవ్వుతూ చెబితే మీరు నవ్వకండి. ఆ కాంటాక్టర్ విప్పి, ముఖాలు పొడిగుడ్డతో శుభ్రంగా తుడవండి. అక్కడ నూనె, గ్రీజు పూయవద్దు.

(ముందు వరుసలోంచి ఒక రైతు: "మిల్లుకి మీరు చెప్పేది బానే ఉంది బాబూ. మా చెరువుకి అదే పెడితే తెల్లారేసరికి రొయ్య పైకి తేలిపోద్ది.")

అవునండి బాబాయ్ గారూ, అక్కడికే వస్తున్నాను. చెరువులో ఆక్సిజన్ అతి తక్కువగా ఉండేది తెల్లవారుజామున. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా అదీ పీలుస్తుంది, రొయ్యా పీలుస్తుంది. మూడింటికి కరెంటు పోయి మూడూ ఇరవైకి వచ్చింది అనుకోండి. స్టార్టర్లన్నీ వదిలేసి ఉన్నాయి. కాపలా కుర్రాడు గట్టు మీద నిద్రపోతున్నాడు. కరెంటు ఉంది, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు మాత్రం తిరగడం లేదు. ఇక్కడ మోటారు ఆగిపోవడమే ప్రమాదం.

దానికి మనవాళ్లు కనిపెట్టిన మందు ఏమిటంటే, పచ్చ బటన్‌ని శాశ్వతంగా షార్ట్ చేసేయడం. లేదా ఆటోస్టార్టర్ తగిలించడం. దాని పర్యవసానం లెక్కలో చూద్దాం. 2 హార్స్‌పవర్ ఏరియేటర్లు పది ఉన్నాయి. ఒక్కోటి నడిచేటప్పుడు సుమారు 3 ఆంపియర్లు, పదికి 30. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ 415 వోల్టుల వైపు ఇవ్వగలిగేది దాదాపు 35. నడిచేటప్పుడు సరిపోయింది. కానీ నేరుగా స్టార్ట్ అయ్యే మోటారు మొదట్లో ఆరు రెట్లు లాగుతుంది. పదీ ఒకేసారి లేస్తే 180. పక్క చెరువు కూడా అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉంటే ఇక చెప్పేదేముంది! వోల్టేజీ కుంగిపోతుంది, కుంగగానే కాంటాక్టర్లు వదిలేస్తాయి, వదలగానే వోల్టేజీ లేస్తుంది, మళ్లీ అన్నీ పడతాయి. అలా కొట్టుకుంటూనే ఉంటాయి, ఏదో ఒకటి కాలేదాకా. తెలంగాణలో వ్యవసాయానికి 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా మొదలుపెట్టే ముందు రైతుల చేత ఆటోస్టార్టర్లు తీయించడానికి అంత పట్టుబట్టిన కారణాల్లో ఇదొకటి.

అలాగని ఆటో వద్దనను. చెరువుకి ఆటో ఉండాల్సిందే. మధ్యలో మూడు వస్తువులు పెట్టండి. మొదటిది ఫేజ్ ఫెయిల్యూర్, లో-వోల్టేజీ రిలే: మూడు ఫేజులూ సరిగా, సరిపడా ఉంటేనే దాని కాంటాక్ట్ మూసుకుంటుంది. రెండోది ఒక్కో స్టార్టర్‌కి ఆన్-డిలే టైమర్: మొదటిది 10 సెకన్లకు, రెండోది 20కి, మూడోది 30కి. అప్పుడు ఏ క్షణంలోనైనా లేచేది ఒక్క మోటారే. పది లేవడానికి నిమిషంన్నర పైన పడుతుంది, రొయ్యకి అదేం ఇబ్బంది కాదు. మూడోది చెరువు గట్టు మీద, ఏరియేటర్‌కి దగ్గరగా, తాళం వేయగలిగే ఐసోలేటర్, అంటే కరెంటును పూర్తిగా విడదీసే స్విచ్. ఫ్యానుకి చుట్టుకున్న తాడు తీయడానికి మనిషి నీళ్లలో దిగుతాడు, ఆటోలో ఉన్న మోటారు ఎప్పుడైనా లేస్తుంది. తాళం చెవి జేబులో వేసుకున్నాకే దిగాలి.

ఇంకొకటి, నాకు బాగా ఇష్టమైన పని. 230 వోల్టుల ఏసీ కాయిల్ ఉన్న మామూలు రిలేని కరెంటు మెయిన్‌కి నేరుగా కలపండి. ఎప్పుడూ పట్టుకునే ఉంటుంది. దాని ఎన్‌సీ కాంటాక్ట్ ద్వారా 12 వోల్టుల బ్యాటరీకి సైరన్ కలపండి. కరెంటు ఉన్నంతసేపు ఎన్‌సీ తెరిచి ఉంటుంది, సైరన్ మౌనం. కరెంటు పోగానే స్ప్రింగు లాగేస్తుంది, ఎన్‌సీ మూసుకుంటుంది, సైరన్ కూత. రిలే కాయిల్ కాలిపోయినా సైరన్ కూస్తుంది, కాయిల్ వైరు ఊడిపోయినా కూస్తుంది. మూడు ఫేజులకు మూడు రిలేలు పెడితే ఒక్క ఫేజు పోయినా తెలుస్తుంది. ఒక్కటే పట్టించుకోవాలి, బ్యాటరీ. అది చచ్చిపోతే ఈ ఏర్పాటంతా నోరు మూసుకుంటుంది. వారానికోసారి మెయిన్ తీసి వినండి.

(ఒక ఎలక్ట్రీషియన్: "సార్, లైను చివరి ఊళ్లలో కాంటాక్టర్ గరగరమని కొట్టుకుంటుంది. కొత్తది వేసినా అంతే.")

వోల్టేజీ ఎంత చూశారు? 180 ఉంటుందా? ఉంటుందనే అనుకున్నాను. కాంటాక్టర్ల ప్రమాణం ఐఈసీ 60947-4-1 ప్రకారం 85 శాతం వోల్టేజీకి పట్టాలి. 230లో 85 శాతం అంటే 195. వదిలేయాల్సింది 75 శాతానికీ 20 శాతానికీ మధ్యలో, అంటే 172 నుంచి 46 లోపు. మీ 180 ఎటూ కాని ప్రాంతంలో ఉంది. పట్టబోతుంది, మోటారు లాగగానే ఇంకా పడిపోతుంది, వదిలేస్తుంది.

ఏసీ కాయిల్ సంగతి వేరుగా చెప్పాలి. 50 హెర్ట్జ్‌లో అయస్కాంతత్వం సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది. ప్రతిసారీ స్ప్రింగు లాగేసేదే, కోర్ ముఖంలో ఒక రాగి ఉంగరం పొదిగి ఉండటం వల్ల ఆగుతుంది. ఆ ఉంగరంలో పుట్టే కరెంటు కాస్త వెనకబడి, అసలు అయస్కాంతం సున్నా అయినప్పుడు తాను పట్టుకుంటుంది. ఉంగరం పగిలితే కాంటాక్టర్ మోత మొదలవుతుంది. కొత్తదైనా ముఖాల మధ్య దుమ్ము ఉంటే అదే మోత.

ఏసీ కాయిల్‌కి ఇంకో గుణం ఉంది. రేకు తెరిచి ఉన్నప్పుడు చాలా ఎక్కువ లాగుతుంది, మూసుకున్నాక తగ్గుతుంది. చిన్న కాంటాక్టర్ తీసుకుంటే, పడేటప్పుడు 70 వీఏ (వోల్ట్-ఆంపియర్లు), పట్టుకుని ఉన్నప్పుడు 7, 8 వీఏ. ఆ 70 అన్నది రెప్పపాటు కోసం ఇచ్చింది. రేకు పూర్తిగా మూసుకోకపోతే ఆ 70 అలాగే పారుతూ ఉంటుంది, కాయిల్ కమురు వాసన వచ్చేస్తుంది. మూసుకోకపోవడానికి లో-వోల్టేజీ ఒక్కటే కారణం కానక్కర్లేదు. మన చెరువుగట్టు ప్యానెళ్లలో బల్లి సందులో దూరి నలిగిపోవడం మామూలే. చీమలు కూడా. కేబుల్ ఎక్కే బొక్కకి గ్లాండు వేయని ప్యానెల్‌లో కాయిల్ కాలితే నేను ముందు బల్లి కోసం వెతుకుతాను. (నవ్వులు) నవ్వుతున్నారు కానీ, ఇక్కడ చేతులెత్తించి అడిగితే సగం మంది చూసే ఉంటారు.

అందుకని చివరి ఊళ్లకు నా సలహా, అదే రకం కాంటాక్టర్‌ని మళ్లీ మళ్లీ మార్చకండి, కాయిల్‌ని నడిపించే వోల్టేజీని సరిచేయండి. చిన్న 24 వోల్టుల డీసీ పవర్ సప్లై తీసుకుంటే, అది చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా ఏది ఇచ్చినా నిలకడగా 24 ఇస్తుంది. 24 వోల్టుల డీసీ కాయిల్‌తో సహా కంట్రోల్ అంతా దాని మీద పెట్టండి. కానీ మోటారుకి వోల్టేజీ తక్కువైతే అది వేడెక్కుతుంది కాబట్టి లో-వోల్టేజీ రిలే మాత్రం తీసేయకండి. కాయిల్ కొట్టుకోకపోవడం వేరు, మోటారు క్షేమం వేరు.

డీసీ కాయిల్‌కి మారితే డయోడ్ మర్చిపోవద్దు. కాయిల్‌కి కరెంటు ఆపగానే అందులోని అయస్కాంత శక్తి వందల వోల్టుల దెబ్బగా వెనక్కి తంతుంది. 24 వోల్టుల కాయిలే కదా అనుకుంటే కంట్రోలర్ ట్రాన్సిస్టర్ పోతుంది. కాయిల్ రెండు కొసలైన ఏ1, ఏ2 మీద డయోడ్ తలకిందులుగా, అంటే గీత ఉన్న వైపు ప్లస్‌కి వచ్చేలా పెట్టండి. రిలే వదలడం కొంచెం ఆలస్యమవుతుంది, మన పనులకు ఫర్వాలేదు.

ఇప్పుడు పొడుగు కేబుల్. ఇది చాలామందికి దెయ్యంలా కనిపించే సమస్య, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. ప్యానెల్ రోడ్డు పక్క షెడ్డులో ఉంది. స్విచ్ 300 మీటర్ల అవతల చెరువు చివర ఉంది. మధ్యలో మల్టీకోర్ కేబుల్, 230 వోల్టుల ఏసీ కంట్రోల్. స్విచ్ ఆన్ చేస్తే రిలే పడుతుంది. ఆఫ్ చేస్తే వదలదు! వైరింగ్ చూస్తే తప్పులేదు, మెగ్గర్ వేస్తే ఇన్సులేషన్ బాగుంది. రిలే మారిస్తే కొత్తదీ అంతే.

కేబుల్‌లో రెండు కోర్లు పక్కపక్కన పోతుంటే అవి తెలియకుండానే ఒక కెపాసిటర్. కిలోమీటరుకి 0.3 మైక్రోఫారడ్ అనుకుంటే 300 మీటర్లకు 0.09. 230 వోల్టుల, 50 హెర్ట్జ్ దగ్గర దాని గుండా పారేది ఆరున్నర మిల్లీ ఆంపియర్లు. ఈ చేతిలో ఉన్నలాంటి చిన్న రిలే ఏసీ కాయిల్ 1.2 వీఏది అయితే అది మామూలుగా తీసుకునేదే 5 మిల్లీ ఆంపియర్లు చిల్లర. ఇందాక చూశారుగా, పట్టుకుని ఉండటానికి సగం కూడా అక్కర్లేదు. స్విచ్ ఆఫ్ అయినా కేబుల్ దాన్ని పోషిస్తూనే ఉంటుంది. పెద్ద కాంటాక్టర్‌కి పట్టుకోవడానికే ముప్పై మిల్లీ ఆంపియర్ల పైన కావాలి కాబట్టి అది ఈ దూరానికి వదిలేస్తుంది, చిన్న రిలే వదలదు. అందుకే "పెద్దది పనిచేస్తోంది, చిన్నది పాడు" అని రిలే కంపెనీని తిట్టుకుంటాం. దీనికీ 24 వోల్టుల డీసీ కంట్రోలే మంచి మందు, డీసీకి కెపాసిటర్ దారివ్వదు. కుదరకపోతే కాయిల్‌కి సమాంతరంగా రెసిస్టర్ గానీ, దానికోసమే అమ్మే ఆర్‌సీ (రెసిస్టర్-కెపాసిటర్) మాడ్యూల్ గానీ పెట్టండి. ఆ దొంగ కరెంటు అటు పోతుంది.

కాంటాక్టుల గురించి త్వరగా చెప్పేస్తాను. రిలే మీద 10 ఆంపియర్లు, 250 వోల్టుల ఏసీ అని ఉంటే అది హీటర్‌లాంటి లోడుకి. మోటారుకి కాదు. కాంటాక్టర్ మీద ఏసీ-1 (హీటర్‌లాంటి లోడు) కింద ఉన్న అంకె చూసి కొనకండి, ఏసీ-3 (మోటారు) కింద ఉన్నది చూడండి. మాటిమాటికీ జరిపి ఆపే పని అయితే ఏసీ-4. అదే రిలే మీద డీసీకి 30 వోల్టులే రాసి ఉంటుంది. కాంటాక్టులు విడిపోయేటప్పుడు వచ్చే మంటే ఆర్క్; ఏసీలో అది సున్నా దగ్గర దానంతటదే ఆరుతుంది, డీసీలో ఆరదు. సోలార్ ప్యానెల్ డీసీని ఈ రిలేతో కట్ చేయాలని చూసిన వాళ్లకు లోపల మంట కనిపిస్తుంది.

వెండి కాంటాక్ట్ నల్లబడటం మన ప్రాంతంలో ఎక్కువే. చెరువు అడుగు బురదలోంచి వచ్చే కుళ్లిన గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది, అది వెండిని నల్లగా చేస్తుంది. పెద్ద కరెంటు నడిపే కాంటాక్ట్‌లో ప్రతిసారీ వచ్చే ఆర్క్ ఆ పొరను కాల్చేస్తుంది, సమస్య లేదు. కానీ అదే పవర్ రిలే కాంటాక్ట్‌తో సెన్సర్ సిగ్నల్ లాంటి సన్నపాటి కరెంటు నడిపితే ఆ పొర దాటలేదు. టక్కుమని శబ్దం వస్తుంది, సిగ్నల్ రాదు. అక్కడికి బంగారు పూత కాంటాక్ట్ ఉన్న సిగ్నల్ రిలే వాడాలి. నల్లబడిందని గరుకు కాగితంతో రుద్దకండి, వెండి పోతుంది.

(ఒక విద్యార్థి: "సార్, కాంటాక్ట్ వెల్డ్ అయిపోతే కాయిల్ ఆపినా మోటారు ఆగదు కదా, అప్పుడు స్ప్రింగు ఏం చేస్తుంది?")

ఏమీ చేయలేదు. మంచి ప్రశ్న. స్ప్రింగు బలం వెల్డ్‌ని విడగొట్టేంత ఉండదు. వోల్టేజీ ఊగినప్పుడు కొట్టుకున్న కాంటాక్టర్లలోనే ఇది ఎక్కువ. అందుకే మెయిన్ కాంటాక్టులతో కట్టిపడేసినట్టు కదిలే ఎన్‌సీ కాంటాక్ట్, మిర్రర్ కాంటాక్ట్ అంటారు, అది ఉన్న కాంటాక్టర్ తీసుకోవాలి. మెయిన్‌లో ఒక్కటి అతుక్కున్నా ఆ ఎన్‌సీ మూసుకోదు. దాన్ని పైన ఇంకో కాంటాక్టర్ కంట్రోల్‌కి కలుపుకుంటే, మొదటిది వదలకపోతే రెండోది తీస్తుంది. ఎలివేటర్, కన్వేయర్, మనిషి చెయ్యి పెట్టే ఏ యంత్రానికైనా ఈ ఖర్చుకి వెనకాడకండి. ఏరియేటర్‌కి అక్కర్లేదు, అక్కడ ఐసోలేటర్ చాలు.

కొత్త ప్యానెల్ అప్పగించే రోజు బిల్లు మీద సంతకం పెట్టించుకోకముందు యజమాని ఎదురుగానే చేయాల్సిన పని ఒకటుంది. అన్ని మోటార్లూ తిరుగుతుండగా మెయిన్ స్విచ్ తీయండి. ఒక నిమిషం ఆగి వేయండి. ఏది లేచింది, ఏది లేవలేదు, ఎంతసేపటికి లేచిందో ఆయన చేతే చదివించి, అదే ప్యానెల్ తలుపు లోపల రాసి అంటించండి: "కరెంటు తిరిగొస్తే ఈ మోటార్లు తమంతట తామే తిరుగుతాయి, ఇవి తిరగవు." పెయింటుతో పెద్ద అక్షరాల్లో, తెలుగులో రాయండి. తలుపు తీసే కుర్రాడు చదవగలగాలి.